ముందు పడక, తర్వాత నడక: టెన్షన్ రోజును దించుకోవడం ఎలా

నెలాఖరు రోజు. పొద్దున పదకొండుకు పడుకున్న సర్వర్ మధ్యాహ్నం మూడుకు లేచింది. ఆ నాలుగు గంటలూ కౌంటరుకు అవతల యాభై మంది, ఇవతల నేను. పల్లె నుంచి మూడోసారి వచ్చిన ఒక పెద్దాయన, "ఏమ్మా, మేమంటే అంత అలుసా?" అన్నాడు. ఆయన తప్పు లేదు, నాదీ లేదు. ఆ తర్వాత అందరి ముందూ నాకు పడిన చీవాట్లలో మాత్రం ఎవరి తప్పు ఎంతో ఇప్పటికీ లెక్క తేలలేదు. సాయంత్రం స్కూటీ ఎక్కి బయల్దేరాను. మాది పాత బండి, స్టాండు వేసి ఉన్నా కదులుతుంది. "అక్కా, స్టాండు! స్టాండు!" అని వెనక నుంచి ఆటో అబ్బాయి అరిచేదాకా నాకు తెలియలేదు.

ఇల్లు చేరి, బ్యాగు పడేసి, చెప్పులైనా విప్పకుండా వాకింగ్‌కు బయల్దేరాను. నడిస్తే టెన్షన్ పోతుందని అందరూ అంటారు కదా. పావుగంటకే పిక్కలు లాగాయి, తల దిమ్మెక్కింది, రోడ్డు మీద హారన్ కొట్టిన ప్రతివాడి మీదా కోపం వచ్చింది. వెళ్ళేటప్పటి కంటే ఎక్కువ చిరాకుతో తిరిగొచ్చాను. మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదని ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది.

ఆ తర్వాత చాలా సాయంత్రాలు పాడు చేసుకుని ఒక వరస పట్టుకున్నాను. ఇందులో కొత్త పనేదీ లేదు, నీళ్ళు, పడక, నడక, తిండి, నిద్ర. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎంతసేపు అన్న దగ్గరే అసలు సంగతంతా ఉంది.

ఒంట్లో జరిగేది ముందు తెలుసుకోండి

ఎవరైనా మన మీద గొంతు లేపినప్పుడు ఒంటికి అది గొడవో, పులో తెలియదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. పరిగెత్తడానికో కలబడడానికో జరిగే ఏర్పాటు అది. మనమేమో కుర్చీలోంచి కదలకుండా, "కాస్త ఓపిక పట్టండి సార్" అంటూ కూర్చుంటాం. కదలాలని ఒళ్ళు చేసుకున్న ఏర్పాటంతా వాడకుండానే మిగిలిపోతుంది. సాయంత్రం భుజాలు చెవుల దాకా లేచి ఉండేది అందుకే.

అడ్రినలిన్ ప్రభావం నిమిషాల్లోనే తగ్గుతుంది. కార్టిసాల్ దిగడానికి అంతకంటే చాలాసేపు పడుతుంది. ఈలోగా అదే గొడవను మనసులో మళ్ళీ ఆడుకుంటే కథ మొదటికొస్తుంది. కాబట్టి సాయంత్రం చేయాల్సిన పనులు రెండు. అలసిన ఒంటికి కాస్త విరామం ఇవ్వాలి, ఆ తర్వాత కదలిక ఇవ్వాలి. కదలిక ముందు పెడితే నాకు జరిగినట్టే జరుగుతుంది. విరామంతోనే ఆపేస్తే రాత్రి పదకొండుకు కళ్ళు పత్తికాయల్లా తెరుచుకుని ఉంటాయి.

మొదటి పని: ఆఫీసు గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు

బండి తాళం చేతిలోకి తీసుకునే ముందు ఒక చీటీ తీసుకోండి. రేపటికి మిగిలిన పనులను మూడు లైన్లకు మించకుండా రాయండి. "పెద్దాయన ఫైలు – పొద్దున మొదట", "హెడ్డాఫీసుకు ఫోన్" – ఇంత పొట్టిగా చాలు. ఫోన్‌లో రాయొద్దు. దాన్ని తెరిస్తే ఆఫీసు వాట్సాప్ గ్రూపు కూడా తెరుచుకుంటుంది. కాగితం మీద పెట్టాక, ఆ పనులను గుర్తుపెట్టుకునే డ్యూటీ తలకు ఉండదు. చీటీని పర్సులో పెట్టి, రేపు పొద్దున దాకా తీయకండి.

తర్వాత బండి మీద కూర్చుని, స్టార్ట్ చేయకుండా, పదిసార్లు ఊపిరి వదలండి. కోపంతో బండి నడపడం తాగి నడపడానికి పెద్ద దూరంలో లేదని నా అభిప్రాయం. మా కర్నూలు రాజ్‌విహార్ సెంటరులో సాయంత్రం ఆరింటి రద్దీ చూసినవాళ్ళు ఎవరూ నాతో వాదించరు.

రెండో పని: నీళ్ళు, ఉప్పు, గుప్పెడు తిండి

ఇంటికి రాగానే కాళ్ళు చేతులు మొహం కడుక్కోండి, ఆఫీసు బట్టలు మార్చుకోండి. ఒక గ్లాసు నీళ్ళు, దాని వెనకే ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు తాగండి. కర్నూలు ఎండ సంగతి చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలు. ఏసీ కింద కూర్చున్నా ఒంట్లో నీరు తగ్గుతూనే ఉంటుంది, దాహం మాత్రం తెలియదు. చాలా రోజులు నేను తలనొప్పిని టెన్షన్ ఖాతాలో రాశాను. అందులో సగం దాహానిదే.

బీపీ ఉన్నవాళ్ళు మజ్జిగలో ఉప్పు మానేయండి.

తిండి గుప్పెడంటే గుప్పెడే. బొరుగుల్లో కాసిన్ని పుట్నాల పొడి, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుంటే చాలు. పొద్దున చేసిన ఉగ్గాని మిగిలి ఉంటే చిన్న ప్లేటు. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ఈ పూటకు వద్దు. కడుపులో మంట పెట్టుకుని గంట నడవడం ఎంత కష్టమో అనుభవం మీద చెబుతున్నా.

టీ దగ్గరే పేచీ వస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన టీలో సగం పదకొండింటికి ఇంకా పని చేస్తూ ఉంటుందన్నమాట. మామూలు రోజు ఎలా ఉన్నా టెన్షన్ రోజున నాలుగు దాటాక టీ మానేయడమే మేలు. మానలేనివాళ్ళు అర గ్లాసుతో ఆపండి.

మూడో పని: ఇరవై నిమిషాల పడక

కందెనవోలే కర్నూలు అయిందని మన ఊళ్ళో చెప్పుకుంటారు. ఆలంపురం గుడికి రాళ్ళు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన వేసుకునేవట. కథ ఎంతవరకు నిజమో గానీ, ఈ పడకను నేను ఆ కందెన లెక్కలోనే చూస్తాను. ఏరు దాటాల్సిన బండి ఒడ్డున కాసేపు ఆగాలి.

ఆడవాళ్ళకు కష్టమంతా ఇక్కడే. గుమ్మంలో అడుగు పెట్టగానే వంటింట్లో రెండో డ్యూటీ ఎదురు చూస్తుంటుంది. మొదటిసారి నేను పడుకున్నప్పుడు మా అత్త గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమ్మా, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉంది అత్తా. అరగంట కండ్లు మూసుకుంటా."

"ఈ దీపాలు పెట్టే యాళప్పుడా?"

"దీపం నేనే పెడతా, లేచినాక."

నాలుగు రోజులు ఇదే నడిచింది. ఐదో రోజు నుంచి ఆమే పిల్లల్ని, "మీ యమ్మ పండుకుంది, అరవాకండి" అని బయటికి తోలుతోంది. చెప్పకుండా పడుకుంటే అలిగారనుకుంటారు. చెప్పి, టైమ్ చెప్పి పడుకుంటే ఇంట్లో వాళ్ళు సర్దుకుంటారు.

పడుకునే పద్ధతి ఇది. మంచం కంటే నేల మేలు. చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి, పిక్కలు మంచం మీద పెట్టండి, మోకాళ్ళు వంగి ఉండాలి. రోజంతా కుర్చీలో బిగుసుకున్న నడుముకు దీంతో ఎంత సుఖమో ఒకసారి చేస్తే తెలుస్తుంది. కళ్ళ మీద తడి చేతిరుమాలు వేసుకోండి. అలారం 25 నిమిషాలకు పెట్టి, ఫోన్‌ను చేతికందని చోట బోర్లించండి.

ఇక ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. వదలడం పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే ఉంది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. పీల్చేటప్పుడు అది కాస్త పెరుగుతుంది. వదిలే సమయం ఎక్కువైతే గుండె నెమ్మదించే సమయమూ ఎక్కువవుతుంది. పది పన్నెండు సార్లు చేసి లెక్క వదిలేయండి. భుజాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి. నా ఎడమ భుజం ఏడెనిమిది నిమిషాలకు గానీ ఆనదు. అది ఆనిన క్షణం నాకు స్పష్టంగా తెలుస్తుంది, బరువైన సంచీ దించినట్టుగా.

నిద్ర పట్టకపోయినా పర్వాలేదు, పట్టినా పర్వాలేదు. అలారం మోగాక మాత్రం లేవాల్సిందే. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారుతాం. అందులోంచి లేపితే గంటసేపు మబ్బుగా ఉంటుంది, పైగా రాత్రి నిద్రలోంచి కొంత సాయంత్రమే ఖర్చయిపోతుంది.

నాలుగో పని: పొడవాటి నడక

ఎంతసేపు? అలవాటున్నవాళ్ళకు గంట నుంచి గంటన్నర. కొత్తవాళ్ళు అరగంటతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకోండి. గంట ఎందుకంటే, మొదటి అరగంట నడక మనది కాదు, ఆఫీసుది. కాళ్ళు కాలువ గట్టు మీద ఉన్నా తల కౌంటరు దగ్గరే ఉంటుంది. ఆ చీవాట్లకు నేను ఇవ్వని జవాబులన్నీ ఆ అరగంటలోనే ఇస్తాను, ఒకదాన్ని మించి ఒకటి పదునుగా. ఇంతకు ముందు వాటిని తోసేయాలని చూసేదాన్ని. ఇప్పుడు పోనిస్తున్నా. ముప్పై ఐదు, నలభై నిమిషాల దగ్గర ఎక్కడో ఒక జవాబు సగంలో ఆగిపోతుంది. ఇరవై నిమిషాలకే వెనక్కి తిరిగితే అది ఆగేలోపే ఇల్లొచ్చేస్తుంది.

వేగం సంగతి. మొదటి పది నిమిషాలు తీరుబడిగా, బజారుకు పోతున్నట్టు. తర్వాత నిమిషానికి వంద అడుగుల లెక్కన ఓ అరగంట, నలభై నిమిషాలు. లెక్క కుదరకపోతే ఇంకో కొలత ఉంది, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చివరి పది పదిహేను నిమిషాలు మళ్ళీ నెమ్మదిగా. పోటీ నడక వద్దు. ఆఫీసులో టార్గెట్లు చాలవని మణికట్టుకు ఇంకో టార్గెట్ కట్టుకోవడం నాకు అర్థం కాని విషయం.

వేళ ఎండను బట్టి మార్చుకోవాలి. మే నెలలో సూర్యుడు ఆరున్నర దాటాక గానీ అస్తమించడు, అప్పటికీ గోడలు, తారురోడ్డు సెగలు కక్కుతూనే ఉంటాయి. ఏడున్నర ముందు బయటికి రావొద్దు. నవంబరు, డిసెంబరుల్లో ఐదూ నలభైకే పొద్దు గుంకుతుంది కాబట్టి లేత రంగు బట్టలు వేసుకోండి, ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకు కుడివైపున నడవండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వీధికుక్కలూ ఉన్నాయి, రాంగ్ రూట్లో వచ్చే బైకులూ ఉన్నాయి. పాదాలకు పాతవైనా సరే మెత్తటి బూట్లు ఉండాలి, హవాయి చెప్పులతో గంట నడిస్తే మడమ నొప్పి ఖాయం. షుగరుకు మందు వాడేవాళ్ళు జేబులో రెండు చాక్లెట్లు ఉంచుకోండి. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, అసాధారణంగా ఆయాసం వస్తే అక్కడే ఆగి కూర్చోండి, వెంటనే సాయం పిలవండి. అది టెన్షన్ అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు.

ఎక్కడ నడవాలి? కొండారెడ్డి బురుజు చుట్టూ నడవాలని చాలామందికి ఉబలాటం. ఆదివారం పొద్దున ఆరింటికైతే బాగుంటుంది, సాయంత్రం మాత్రం ఆ హారన్ల మధ్య ఉన్న టెన్షన్ రెట్టింపవుతుంది. అవుట్‌డోర్ స్టేడియంలో నడిస్తే మోకాళ్ళకు సుఖమే గానీ, గుండ్రంగా తిరుగుతుంటే నా ఆలోచనలూ గుండ్రంగానే తిరుగుతాయి. బీ క్యాంపు, సీ క్యాంపు లోపలి వీధులు నాకు ఇష్టం. కర్నూలు రాజధానిగా ఉన్న 1953–56 నాటి పేర్లవి. అప్పట్లో ఆఫీసులే డేరాల్లో నడిచాయట. ఆ ఉద్యోగులు సాయంత్రం టెన్షన్ ఎలా దించుకునేవారో!

నీళ్ళు పారుతున్న రోజుల్లో వినాయక ఘాట్ వైపు కేసీ కెనాల్ పక్కన నడుస్తాను. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పోయే ఈ కాలువలో ఒకప్పుడు పడవలు కూడా తిరిగాయి. నీళ్ళు వదలని నెలల్లో ఆ దారి వద్దు, కంపు. నది కావాలంటే సంకల్‌బాగ్ వైపు వెళ్ళి ఘాట్ మెట్ల మీద పది నిమిషాలు కూర్చోవచ్చు. ఎండాకాలంలో నీటి కంటే బండలే ఎక్కువ కనబడతాయి. 2009 అక్టోబరు 2న ఇదే నది, హంద్రీతో కలిసి ఊరి మీద పడిందంటే చూడని పిల్లలు నమ్మరు. దగ్గర్లో ఇవేవీ లేకపోతే మీ కాలనీ వీధులే చాలు, పోయిన దారినే తిరిగి రాకుండా చుట్టు తిరిగి రండి.

కళ్ళకు కూడా పని చెప్పాలి. నేను రొట్టెల దగ్గర నెమ్మదిస్తాను. చీకటి పడే వేళ రోడ్డు పక్కన పొయ్యిలు పెట్టి జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్ళను మన ఊళ్ళో అందరూ చూసే ఉంటారు. ఒకామె దగ్గర కాసేపు నిలబడి చూశాను. వేడినీళ్ళతో కలిపిన పిండిని అరచేతి మొదలుతో నలుపుతుంది. ముద్దను బండ మీద పెట్టి కుడిచేత్తో తడుతుంటే, ఎడమచేయి దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉంటుంది. తప్, తప్, తప్ – రొట్టె చేటంత అవుతుంది, అంచు ఎక్కడా చీలదు. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒకసారి అద్దుతుంది. ఆవిరి లేస్తుంది. నేనూ ఆమెతో పాటు ఊపిరి వదులుతాను. ఆ రెండు నిమిషాల్లో ఆఫీసు గుర్తొచ్చిన జ్ఞాపకం లేదు. మీకు రొట్టెలు కాకపోతే ఇంకేదైనా, సైకిలు పంక్చరు వేసే చేతులో, పూలు కట్టే చేతులో. పని తెలిసిన చేతులను చూస్తుంటే తల నిలకడగా ఉంటుంది.

తోడు ఉండాలా? చీకటి పడ్డాక ఆడవాళ్ళకు తోడు ఉంటే మంచిది. కానీ తోడును చూసి ఎంచుకోవాలి. పక్కింటి వదిన, నేను ఒక షరతు పెట్టుకున్నాం. పోయేటప్పుడు ఆఫీసు, కోడళ్ళు, అప్పులు ఏవైనా మాట్లాడుకోవచ్చు. తిరుగు దారిలో అవి ఎత్తకూడదు. ఒకసారి నేను మర్చిపోయి మళ్ళీ ఆ చీవాట్ల కథ మొదలుపెట్టాను.

"మలుపు దాటినాం వదినా," అంది.

"ఇంకొక్క మాట..."

"అది రేపు చెప్దువులే. ఈ పొద్దు మీ ఇంట్లో ఏం కూర?"

ఐదో పని: స్నానం, తిండి

ఇల్లు చేరాక పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని చెమట ఆరనిచ్చి, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయండి. పడుకోవడానికి కాస్త ముందుగా చేసిన వెచ్చటి స్నానం నిద్రకు మంచిది. చర్మం వెచ్చబడి ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది, లోపలి వేడి తగ్గుతుంటేనే నిద్ర వస్తుంది. ఎండాకాలంలో గీజరు అక్కర్లేదు, మిద్దె మీది ట్యాంకు ఆ పని పొద్దున్నుంచే చేసి పెడుతుంది.

ఆ తర్వాత తిండి మితంగా తినండి. రెండు జొన్నరొట్టెలు, ఏదైనా కూరగాయో పప్పో, చివర పెరుగు. సంగటి ముద్ద, మాంసం, ఊరుబిండితో భోంచేసి వెంటనే పడుకుంటే కడుపు రాత్రంతా డ్యూటీ చేస్తుంది. తిండికీ పడకకూ రెండు గంటల ఎడం ఉండాలి.

వంట మాట. టెన్షన్ రోజున కొత్త వంటకం ఎత్తుకోవద్దు. రొట్టెలు రోడ్డు మీద కొని తెచ్చుకోండి, తప్పేం కాదు.

ఆరో పని: రాత్రి

పడుకునే ముందు గంట ఫోన్ పక్కన పెట్టండి. వెలుగు సంగతి అటుంచితే, ఆఫీసు గ్రూపులో రాత్రి పదిన్నరకు వచ్చే ఒక్క మెసేజ్ చాలు, సాయంత్రం నుంచి పడిన శ్రమంతా ఏట్లో కలిసిపోవడానికి. గ్రూపును మ్యూట్‌లో పెట్టండి. ఎండాకాలంలో మిద్దె మీద నీళ్ళు చల్లి, కాసేపయ్యాక పడక వేసుకుంటే ఫ్యాను కింద కంటే హాయి. పడుకున్న ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే దొర్లుతూ ఉండొద్దు. లేచి, మసక వెలుతురులో బట్టలు మడతపెట్టడం లాంటి విసుగు పని చేసి, ఆవలింత వచ్చాక మళ్ళీ పడుకోండి.

అర్ధరాత్రి మెలకువ వచ్చి ఆఫీసు గుర్తొస్తే, మంచం పక్కన పెట్టుకున్న కాగితం మీద ఒక్క మాట రాసి అటు తిరిగి పడుకోండి. గడియారం మాత్రం చూడొద్దు.

టైమ్ లేని రోజున

పిల్లలకు పరీక్షలు, ఇంటికి చుట్టాలు, వాన, ఏదో ఒకటి ఉంటుంది. నలభై నిమిషాలే దొరికితే పది నిమిషాలు పడుకుని, ముప్పై నిమిషాలు నడవండి. నడకే కుదరకపోతే మిద్దె మీద తిరగండి, అదీ నడకే. పడక మానేసి నడక మాత్రం చేద్దామని అనిపిస్తుంది, ఆ తప్పు ఎలా ఉంటుందో మొదట్లోనే చెప్పాను.

ఇదంతా చెడిపోయిన ఒక రోజుకు సరిపడే వైద్యం. రెండు వారాలుగా నిద్ర లేకుండా, ఆకలి లేకుండా, దేని మీదా ఇష్టం లేకుండా గడుస్తుంటే నడక మీద భారం వేయొద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. బయటికి కదలలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం వారి టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు.

మర్నాడు పొద్దున

పర్సులోని చీటీ తీసేది ఇప్పుడే. ఆ నెలాఖరు రోజున మిగతా వరస తెలియకపోయినా చీటీ మాత్రం రాసుకున్నాను, మర్నాడు తీస్తే అందులో మూడు లైన్లున్నాయి. ఒకటి చదివితే ఎందుకు రాశానో కూడా అర్థం కాలేదు. ఇంకోటి పక్క సీటు అమ్మాయి అప్పటికే చేసేసింది. మిగిలింది పెద్దాయన ఫైలు. కౌంటరు తెరవకముందే దాన్ని తీసి, పని ముగించి, ఆయనకు ఫోన్ చేశాను.

"అయిపోయింది పెద్దాయనా. మళ్ళా రావాల్సిన పని లేదు."

"నిజంగానా తల్లీ? నేను బస్సు ఎక్కేసినా," అన్నాడు.